చిన్న బోర్డింగ్ స్కూల్లో చేర్చే ముందు: బెంగళూరు వైపు చూస్తున్న తెలుగువాళ్ల కోసం

బెంగళూరులో బోర్డింగ్ అనగానే 1865లో పెట్టిన బిషప్ కాటన్, 1880 నాటి బాల్డ్విన్ లాంటి ఊరి నడిబొడ్డు స్కూళ్లు గుర్తొస్తాయి. ఇక్కడ చెప్పేది అంత పెద్ద స్కూళ్ల గురించి కాదు. కనకపుర రోడ్డు మీదో, ఆనేకల్ దాటాకో, దేవనహళ్లి అవతలో, రెండు మూడు వందల మంది పిల్లలూ టీచర్లూ వంటవాళ్లూ ఒకే ఆవరణలో బతికే స్కూళ్ల గురించి. క్లాసుకు ఇరవై మంది. పొద్దున ఒకడికి కడుపునొప్పి వస్తే మధ్యాహ్నం భోజనాల వేళకి స్కూలంతా తెలిసిపోతుంది. ఇలాంటి చోట చదివి బయటికొచ్చినవాళ్లు మెచ్చుకునేదీ ఇదే, తిట్టుకునేదీ ఇదే: దాక్కోవడానికి చోటుండదు. స్కూలు ఎంపిక నుంచి ట్రంకు సర్దడం దాకా ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుని చేయాలి.

ఏ క్లాసులో చేర్చాలి

ఫీజు కంటే ముందు చూడాల్సిన లెక్క ఇది. చాలామంది పన్నెండో తరగతి అయ్యాక కౌన్సెలింగ్‌లో నాలుక కరుచుకునేది ఇక్కడే.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంజనీరింగ్, మెడిసిన్ లాంటి కోర్సుల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం స్థానికుడు అనిపించుకోవాలంటే, అర్హత పరీక్ష రాసే ఏడాదితో ముగిసేలా వరుసగా 4 ఏళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. అంటే 9, 10, 11, 12. ఆ నాలుగేళ్లూ బెంగళూరులో గడిపితే, సొంతిల్లు హనుమకొండలో ఉన్నా, ఆధార్ మీద హనుమకొండ అనే ఉన్నా, ఆ లెక్కలో పిల్లాడు స్థానికుడు కాడు. తెలంగాణ ఎంబీబీఎస్ సీట్ల విషయంలో ఈ నాలుగేళ్ల నిబంధనను సుప్రీంకోర్టు 2025లో సమర్థించింది. కొన్ని రకాల ఉద్యోగుల పిల్లలకు మినహాయింపులున్నాయి, మిగిలిన 15 శాతానికి నియమాలు వేరు. అవి ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. సొంత రాష్ట్రంలో మెడిసిన్ చదివించాలని గట్టిగా ఉంటే, ఎనిమిది అవగానే వెనక్కి తెచ్చుకోవడమే క్షేమం.

వెనక్కి తెచ్చే ఉద్దేశం లేకపోతే కర్ణాటక లెక్క చూడండి. కేసీఈటీకి (కర్ణాటక ఉమ్మడి ప్రవేశ పరీక్షకి) చదువు ఆధారంగా అర్హత రావాలంటే ఒకటి నుంచి పన్నెండు లోపు కనీసం 7 విద్యా సంవత్సరాలు ఆ రాష్ట్రంలో చదివి, పదో పన్నెండో అక్కడే పాసవ్వాలి. ఆరులో చేరితే పన్నెండుకి సరిగ్గా ఏడేళ్లు. ఏడులో చేరితే ఆరే. ఒక్క ఏడాది తేడాతో సీటు పోగొట్టుకోవడం కంటే ఏడిపించే సంగతి లేదు. ఎన్ఐటీల్లో మాత్రం సొంత రాష్ట్రం అంటే పన్నెండో తరగతి పాసైన రాష్ట్రం. బెంగళూరులో పన్నెండు పూర్తి చేసిన పిల్లకి హోమ్ స్టేట్ కోటా కర్ణాటకలోని సూరత్కల్‌లో వస్తుంది, వరంగల్‌లో కాదు.

భాష సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఐసీఎస్ఈలోనూ సీబీఎస్ఈలోనూ తెలుగు సబ్జెక్టుగా ఉంది. కానీ బోర్డు జాబితాలో ఉండటం వేరు, స్కూల్లో టీచరు ఉండటం వేరు. కర్ణాటకలో 2015 చట్టం ప్రకారం కన్నడ నేర్పాలి కాబట్టి, మధ్యలో చేరే పిల్లలకి ఏ స్థాయి నుంచి మొదలుపెడతారో, పరీక్ష ఎలా పెడతారో రాతపూర్వకంగా అడగండి. తెలుగు చదవడం వచ్చిన పిల్లలకి కన్నడ లిపి ఇబ్బందేమీ కాదు. తలకట్టు, క, త, శ దగ్గర నాలుగు రోజులు తడబడి, వారంలో బస్సు బోర్డులు చదివేస్తారు. అసలు ఇబ్బంది తెలుగు చదవడం రాని తెలుగు పిల్లలకే.

చూడటానికి వెళ్లిన రోజు

స్కూలువాళ్లు పొద్దున పదింటికి రమ్మంటారు. ఆ వేళకి అన్నీ కడిగి ఉంటాయి, పిల్లలంతా క్లాసుల్లో ఉంటారు. మీరు మధ్యాహ్నం మూడున్నరకి వెళ్లి రాత్రి భోజనం దాకా ఉండే ఏర్పాటు అడగండి. కుదరదంటే ఎందుకు కుదరదో అడగండి.

ముందు బట్టలారేసే చోటు చూడండి. తాళ్ల మీద పైన రేకు ఉందా, గాలి ఆడుతుందా? జూన్ నుంచి అక్టోబరు దాకా ఇక్కడ ఎప్పుడు జల్లు పడుతుందో తెలియదు. రేకు లేని చోట పిల్లలు తడి సాక్సులే వేసుకుని తిరుగుతారు, ఆగస్టుకల్లా కాలివేళ్ల మధ్య ఫంగస్. తర్వాత, సాయంత్రం ఆటలయ్యాక బాత్రూములు. వేడినీళ్లు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, చివరికొచ్చినవాడికి మిగులుతాయా అన్నది పిల్లల్నే అడగాలి. మెస్‌లో వడ్డన కంటే, తిన్నాక చెత్త బకెట్ చూడండి. అన్నం సగం అందులోనే ఉంటే వంట సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

సిక్ రూములో నర్సు రాత్రిపూట కూడా ఉంటుందా, రెండింటికి జ్వరం ఎక్కువైతే బండి ఎవరు తీస్తారు, ఏ ఆసుపత్రికి, ఎన్ని నిమిషాలు? జవాబు తడుముకోకుండా రావాలి. మీకు స్కూలు తిప్పి చూపించే సీనియర్ని మాటల మధ్యలో అడగండి: "ఈమధ్య ఎవరికి దెబ్బ తగిలింది? ఎవరు తీసుకెళ్లారు?" కరపత్రంలో దొరకనిది ఆ జవాబులో దొరుకుతుంది.

ఆఫీసులో మూడు ప్రశ్నలు తప్పకుండా వేయాలి. లైట్లు ఆర్పాక ఏ పెద్ద మనిషి డార్మిటరీకి (పిల్లలంతా కలిసి పడుకునే హాలుకి) పిలిస్తే పలికే దూరంలో పడుకుంటారు? గడిచిన రెండేళ్లలో టీచర్లు ఎంతమంది మానేశారు? చిన్న స్కూలు ముగ్గురు నలుగురు మనుషుల మీద నిలబడుతుంది. వాళ్లు వెళ్లిపోతే మీరు చూసి ఇష్టపడ్డ స్కూలు ఉండదు, పేరు మాత్రం ఉంటుంది. మూడోది అన్నిటికంటే ముఖ్యం: లెక్కల సారే హౌస్ పేరెంట్ (హాస్టల్లో పిల్లల్ని చూసుకునే పెద్ద) కూడా అయితే, ఆయన మీద ఫిర్యాదు పిల్లాడు ఎవరికి చెప్పుకోవాలి? ఇలాంటి స్కూళ్లలో క్లాసులో పాఠం చెప్పేవారు, రాత్రి దుప్పటి కప్పేవారు, ప్రిన్సిపాల్ ఇంట్లో కాఫీ తాగేవారు ఒక్కరే అవుతారు. "మాదంతా ఒక కుటుంబమండీ, అలాంటివి రావు" అన్నారంటే, వస్తే ఏం చేయాలో వాళ్లు ఆలోచించలేదని అర్థం. ఫలానా ఆవిడకి చెప్పాలి, ఆవిడ డార్మ్ బాధ్యతలో ఉండరు అని పేరు చెప్పగలిగితే మంచి గుర్తు. పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషేధం కాబట్టి, శిక్షల గురించి స్కూలు రాసుకున్న నియమావళి ప్రతి అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఏప్రిల్, మేలలో ఇంట్లో నేర్పాల్సినవి

ట్యూషన్ కంటే ఇవి నేర్పండి. ఒక బకెట్ నీళ్లతో తలస్నానం ముగించడం. రోజూ తన బనీను, సాక్సులు ఉతికి, పిండి, దులిపి ఆరేయడం (దులపకుండా ఆరేస్తే ముడతల్లో తడి నిలిచి వాసనేస్తుంది). దోమతెర అంచులు పరుపు కిందికి దోపడం. గుండీ కుట్టడం. వడ్డించింది తినడం. బెంగళూరు సాంబారులో బెల్లం పడుతుంది, మన పిల్లలు మొదటి వారం అందరూ పేచీ పెట్టేది దానికే. ఇంట్లో వారానికి రెండు రోజులు కారం తగ్గించి వండితే జూన్‌లో సగం ఏడుపు తగ్గుతుంది.

వీటన్నిటికంటే కష్టమైనది, "నాకిది నచ్చలేదు, ఆపు" అని ముఖం మీద చెప్పడం. క్లాసులో ఇరవై మందే కాబట్టి గొడవ పడినవాడి పక్కనే రాత్రి పడుకోవాలి, పొద్దున వాడి పక్కనే కూర్చుని తినాలి. పెద్ద స్కూల్లో అయితే వేరే జట్టు చూసుకోవచ్చు. ఇక్కడ ఉన్న జట్టే ఏడేళ్లు. అందుకని ఇంట్లో తమ్ముడితో గొడవైనప్పుడు మీరు మధ్యలో దూరి తీర్పు చెప్పడం ఈ రెండు నెలలు మానేయండి. పోట్లాడుకుని, వాళ్లే మళ్లీ మాట కలుపుకోనివ్వండి. ముద్దుపేర్లు, పక్క తడిపిన పాత కథలు స్కూలువాళ్ల ముందు మీ నోట రాకూడదు. చేర్చిన రోజు డార్మ్ గుమ్మంలో అమ్మ "చిట్టిబాబూ" అని పిలిస్తే పన్నెండు అయ్యేదాకా వాడు చిట్టిబాబే.

ఆడపిల్లకి పదేళ్లు వచ్చాయంటే నెలసరి గురించి చెప్పి, అయిదు ప్యాడ్లు, రెండు జతల లోదుస్తులు, పాత వార్తాపత్రిక ముక్కలు చిన్న సంచిలో పెట్టి, అది ట్రంకులో ఎక్కడుందో చూపించి పంపాలి. టీకాల కార్డు కూడా ఈ సెలవుల్లోనే చూసుకోండి. ఆటలమ్మకి రెండు డోసులు, టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, 10–12 ఏళ్ల మధ్య వేసే టీడాప్ (ధనుర్వాతం, డిఫ్తీరియా, కోరింత దగ్గు టీకా). ఆటలమ్మ ఒక్కరికి వస్తే డార్మిటరీ మొత్తం చుట్టబెట్టేదాకా పోదు.

ట్రంకు

ట్రంకు కొనే ముందు మంచం కింద ఎత్తు ఎన్ని అంగుళాలో స్కూలుకి ఫోన్ చేసి కనుక్కోండి. అంతకంటే అంగుళం తక్కువ ఎత్తుది కొంటేనే లోపలికి జరుగుతుంది. తాళం చెవి తాళమే వేయండి. మూడు అంకెల నంబరు తాళానికి మొత్తం వెయ్యి కలయికలే. ఆదివారం మధ్యాహ్నం పని లేని సీనియర్ ఒకడు చాలు. ఒక చెవి పిల్లాడి దగ్గర, ఇంకోటి హౌస్ పేరెంట్ దగ్గర.

వారానికి రెండుసార్లు లాండ్రీ ఉన్న చోటికి సరిపోయే లెక్క ఇది: యూనిఫాం చొక్కాలు 4, ప్యాంట్లు లేదా స్కర్టులు 3, ఆటల దుస్తులు 3 జతలు, మామూలు బట్టలు 5 జతలు, పడుకునేవి 3, లోదుస్తులు 10, సాక్సులు 8 జతలు, పలచటి స్వెట్టర్లు 2, రెయిన్ కోటు 1. వారానికి ఒక్కసారే అయితే లోదుస్తులు 14 చేయండి. బెజవాడ నుంచో కాకినాడ నుంచో వెళ్లే పిల్లలకి స్వెట్టర్ డిసెంబరులోనే కాదు, జులై రాత్రుల్లో కూడా కావాలి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది మరి. టర్కీ టవల్ పెట్టకండి. వానాకాలంలో అది మూడు రోజులకీ ఆరదు. రెండు పలచటి నూలు తువ్వాళ్లు పెడితే పూటలో ఆరతాయి.

ఇక పేరు వేయడం. మార్కర్ పెన్నుతో రాస్తే సోడాలో నానబెట్టే లాండ్రీలో నెల తిరక్కుండా చెరిగిపోతుంది. తర్వాత ఆ చొక్కా ఎవరు ముందు తీసుకుంటే వాళ్లదే. అరంగుళం వెడల్పు తెల్ల నాడా కొని, స్కూలిచ్చిన లాండ్రీ నంబరును ఎర్రదారంతో కుట్టండి. పేరు అక్కర్లేదు, నంబరు చాలు. నాడాని రెండంగుళాల ముక్కలుగా కోసి, చివర్లు లోపలికి మడిచి, చొక్కాకి కాలరు లోపల, ప్యాంటుకి నడుము పట్టీ లోపల ఎడమ వైపు కుట్టాలి. అన్నిటికీ ఒకే చోట ఉంటే లాండ్రీలో మడతపెట్టే ఆవిడకి వెతుక్కునే పని ఉండదు, మీ బట్టలు తప్పిపోవు. సాక్సులకి నాడా నిలవదు, బొటనవేలి దగ్గర ఎర్రదారంతో రెండు అడ్డకుట్లు వేస్తే సరి. అన్నీ కలిపి నలభై యాభై ముక్కలవుతాయి, రెండు సాయంత్రాల పని. చివరి పది పిల్లాడి చేత కుట్టించండి. గుండీ పాఠం కూడా అందులోనే అయిపోతుంది.

తిండి విషయంలో స్కూలు నియమం ఏదో అదే. అనుమతి ఉంటే కందిపొడి, కరివేపాకు పొడి మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాల్లో పావు కిలో చొప్పున. నూనె పచ్చళ్లు పెడితే సీసా ఒరిగి చొక్కాలన్నీ ఆవకాయ రంగుకి తిరుగుతాయి. ఏది పెట్టినా డార్మ్‌లో అందరికీ తలా కాస్త వచ్చేలా పెట్టండి. ఒక్కడే దొంగచాటుగా తినే డబ్బా, చీమల కంటే ముందు శత్రువుల్ని తెస్తుంది. ఖరీదైన వాచీ, బూట్లు వద్దు. అంత చిన్న చోట ఎవరి బూట్లు ఎంతో అందరికీ తెలుసు.

మొదటి ఆరు వారాలు

వదిలిన రోజు పక్క సర్ది, ట్రంకు తోసి, గంటలో బయల్దేరండి. సాయంత్రం దాకా చెట్టు కింద కూర్చుంటే పిల్లాడికీ మీకూ నరకం. "నచ్చకపోతే తీసుకొచ్చేస్తాలే" అని మాత్రం అనకండి. ఆ మాట పట్టుకుని వాడు ఉండటానికి ప్రయత్నమే చేయడు.

చాలా స్కూళ్లలో ఫోను ఆదివారం పది నిమిషాలు. మొదటి ఆదివారం కొత్త మోజులో బాగానే మాట్లాడతారు. ఏడుపు రెండో, మూడో ఆదివారం. "తిన్నావా? ఏం పెట్టారు? ఎందుకు చిక్కిపోయావు?" అంటూ మొదలుపెడితే పది నిమిషాలూ అందులోనే పోతాయి. ఇలా అడగండి: "నీ మంచానికి అటుపక్క ఎవరు, ఇటుపక్క ఎవరు? ఈ వారం ఎవరితో ఆడావు? ఎవరి మీద కోపమొచ్చింది?" మనుషుల పేర్లు బయటికి రావాలి. ప్రతివారం పేర్లు మారుతుంటే కుదురుకుంటున్నట్టు. నాలుగు వారాలైనా ఒక్క పేరూ రాకపోతే హౌస్ పేరెంట్‌కి ఫోన్ చేయండి. ఏడిస్తే ఏడవనివ్వండి, మీరు ఏడవకండి. ఫోను పెట్టిన పావుగంటకి హౌస్ పేరెంట్‌ని అడిగితే చాలాసార్లు "ఫుట్‌బాల్ ఆడుతున్నాడండీ" అంటారు. ఏడుపు మీకోసం దాచుకున్నది, మీ దగ్గర దించేసి వెళ్తాడు.

ఫోనుకి తోడు ఉత్తరం రాయండి, తెలుగులో. ఇన్‌లాండ్ కవరు రెండున్నర రూపాయలు. ఫోను మాట గాలిలో పోతుంది. ఉత్తరమైతే దిండు కింద ఉంటుంది, ఎవరూ చూడనప్పుడు మళ్లీ చదువుకోవచ్చు. దాక్కోవడానికి చోటు లేని స్కూల్లో అదొక్కటే సొంతం.

సెలవులు, ప్రయాణాలు

సంక్రాంతికి మనకి వారం అటూఇటూగా సెలవులు, కర్ణాటకలో ఒక్క రోజు. ఈ మాట తాతయ్యకీ అమ్మమ్మకీ ముందే చెప్పి ఒప్పించండి. పెళ్లిళ్లకి, గృహప్రవేశాలకి పంపమని అడిగితే చిన్న స్కూళ్లు చికాకు పడతాయి, న్యాయం కూడా. ఒక్కడు వెళ్తే మిగతా పంతొమ్మిది మందికీ ఆ రాత్రి ఇల్లు గుర్తొస్తుంది.

జూన్‌లో ఇచ్చే క్యాలెండర్‌లో దసరా సెలవుల తేదీ చూసి, ప్రయాణం రోజుని వదిలేసి 60 రోజులు వెనక్కి లెక్కపెట్టండి. ఆ రోజు పొద్దున 8 గంటలకి రిజర్వేషన్ తెరుచుకుంటుంది. ఇదివరకటి 120 రోజుల లెక్క 2024 నవంబరు నుంచి లేదు. టికెట్ మీద స్టేషను పేరు చదవండి: కేఎస్ఆర్, యశ్వంతపుర, కంటోన్మెంట్, ఎస్ఎంవీటీ వేరు వేరు చోట్లు. హైదరాబాద్ నుంచి బస్సులో వస్తే దేవనహళ్లి, హెబ్బాళ మీదుగా దిగుతారు. స్కూలు కనకపుర రోడ్డులో ఉంటే ఊరు మొత్తం దాటాలి. సెలవులయ్యాక గేటు అయిదింటికి మూసేస్తారంటే, ఒంటిగంటకల్లా హెబ్బాళ దాటి ఉండండి.

ఇంటికొచ్చిన పిల్లల తల ముందు చూడండి. పేలుంటే మందు రాసి, ఏడు నుంచి పది రోజుల్లో రెండోసారి రాయాలి, మొదటిసారికి ఈపులు చావవు. వేళ్ల సందుల్లో, నడుము దగ్గర రాత్రిళ్లు దురదంటే గజ్జి అనుకుని డాక్టరుకి చూపించండి. సాధారణంగా 5 శాతం పర్మెత్రిన్ క్రీము మెడ నుంచి అరికాళ్ల దాకా రాత్రంతా ఉంచి, వారానికి మళ్లీ రాయిస్తారు. స్కూలుకి తప్పక చెప్పండి. డార్మ్ అంతా ఒకే రోజు రాసుకుని దుప్పట్లు వేడినీళ్లలో ఉతికితేనే పోతుంది. మొహమాటపడి దాస్తే నెలకి తిరిగొస్తుంది.

బెంగకీ, ఆపదకీ తేడా

బెంగ వస్తూ పోతూ ఉంటుంది. ఆటల వేళ తగ్గి, పడుకునే వేళ పెరుగుతుంది. ఆపద అలా ఉండదు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, ఒక మనిషి పేరో ఒక చోటు పేరో వస్తే మాట మార్చడం, వస్తువులు పదేపదే "పోవడం", సెలవుల చివరి రెండు రోజులు వాంతులు. ఇవి కనిపిస్తే గుచ్చి గుచ్చి అడగకుండా, చెప్పినంత విని, చెప్పిన మాటల్ని అదే రోజు తేదీ వేసి రాసుకోండి. తర్వాత హౌస్ పేరెంట్‌కి, ప్రిన్సిపాల్‌కి కలిపి ఈమెయిల్. ఫోనులో మాట్లాడినా, "ఈరోజు మనం అనుకున్నది ఇదీ" అని మెయిల్ పెట్టండి. లైంగికమైనది ఏదైనా ఉందనిపిస్తే స్కూలు విచారణ కోసం ఆగకండి. పోక్సో చట్టం కింద తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి, స్కూలైనా సరే. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి పిల్లలే నేరుగా చేయొచ్చు. ఆ నంబరు జూన్‌కి ముందే కంఠతా వచ్చి ఉండాలి.

"అందరం ఒక కుటుంబం" అన్న చోట ఫిర్యాదు చేసినవాళ్లే ఇల్లు కూల్చినట్టు చూస్తారు. తోటి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో కూడా చల్లారబెట్టేవాళ్లే ఎక్కువ. అందుకే గ్రూపులో పెట్టకండి, రాతలో పెట్టండి.

పన్నెండులో ఉండగా

చివరి ఏడాది పిల్లలకి అక్కడే ఉండిపోవాలనిపిస్తుంది, చదువు మీద మనసు నిలవదు. మందలించి లాభం లేదు, కాగితాల పని పెట్టండి. టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్, ఆరు నుంచి పన్నెండు దాకా ఏ ఏడు ఎక్కడ చదివారో తెలిపే స్టడీ సర్టిఫికెట్లు మూడేసి ప్రతులు స్కూల్లో ఉండగానే తీసుకోవాలి. కేసీఈటీకైనా ఈఏపీసెట్‌కైనా అడిగేది అవే. ఆధార్‌కి పిల్లాడి సొంత మొబైల్ నంబరు, వాడి పేరు మీద బ్యాంకు ఖాతా, పద్దెనిమిది నిండగానే ఓటు.

తర్వాత వెళ్లేది రెండు మూడు వేల మంది ఉన్న కాలేజీకి. ఏడేళ్లపాటు ప్రతి టీచరూ పేరు పెట్టి పిలిచిన పిల్లకి, అక్కడ మూడు రోజులు క్లాసుకి రాకపోయినా ఎవరూ అడగకపోవడం వింతగా ఉంటుంది. కాలేజీలో చేరే ముందు ఓ నెల రోజులు బజారు, బ్యాంకు, బస్సు పనులన్నీ వాళ్లకే వదిలేయండి. క్యూలో వెనకవాడు తోస్తే ఏం చేయాలో చిన్న స్కూల్లో ఎవరూ నేర్పరు.